బ్యాక్టీరియా ఎన్ని రకాలు? ఏ అవసరానికి ఆ లెక్క

బ్యాక్టీరియా రెండు రకాలని చాలామంది అనుకుంటారు: మేలు చేసేవి, కీడు చేసేవి. పాలను తోడుపెట్టేవి మొదటి రకం, టైఫాయిడ్ తెచ్చేవి రెండో రకం. స్కూలు పుస్తకంలో మొదలైన ఈ లెక్క ప్రోబయోటిక్ ప్రకటనల దాకా అలాగే సాగుతోంది. చిక్కేమిటంటే, నిజంగా అవసరం పడ్డ చోట ఇది పనికిరాదు. మందు రాసే డాక్టరుకు కావలసింది ఆ బ్యాక్టీరియా గోడ ఎలాంటిదో. వంటచేసేవాళ్లకు కావలసింది అది మరిగే నీళ్లలో చస్తుందో లేదో. వేరుశనగ రైతుకు కావలసింది అది ఏ పంట వేరును పడుతుందో. రొయ్యల రైతుకు కావలసింది దాని దగ్గర విషం తయారుచేసే జన్యువు ఉందో లేదో. ఒక్కో అవసరం ఒక్కో వర్గీకరణను పుట్టించింది. అందుకే ‘బ్యాక్టీరియా ఎన్ని రకాలు?’ అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు.

ముందు అసలు బ్యాక్టీరియా అంటే ఏమిటో చూడాలి. అది ఒకే కణంతో బతికే జీవి. మన కణాల్లో జన్యు పదార్థం ఒక పొర లోపల, కేంద్రకంలో భద్రంగా ఉంటుంది. బ్యాక్టీరియాకు కేంద్రకం లేదు. డీఎన్ఏ చాలావాటిలో ఒకే వలయంగా చుట్టుకుని కణం మధ్యలో పడి ఉంటుంది. మన పేగుల్లో ఉండే ఈ.కోలై పొడవు సుమారు 2 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదు వందల వంతు. ఒక బియ్యపు గింజ పొడవునా వరసగా పేర్చాలంటే దాదాపు 3 వేల ఈ.కోలై కావాలి. అంత చిన్న కణంలో ఇమిడిన డీఎన్ఏను సాగదీస్తే మాత్రం ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటుతుంది. అందులో 46 లక్షల అక్షరాల సమాచారం ఉంది.

చిన్నగా ఉండటం వల్ల వాటికి దక్కే పెద్ద లాభం వేగం. తిండి, వెచ్చదనం సరిపడా ఉంటే ఈ.కోలై 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. ఒక్కటి పది గంటల్లో 107 కోట్లు అవుతుంది, కాగితం మీద. నిజంలో తిండి అయిపోతుంది, సొంత వ్యర్థాలే అడ్డుపడతాయి, పెరుగుదల ఆగిపోతుంది. వేసవిలో రాత్రి బయట పెట్టిన పప్పుచారు తెల్లారేసరికి పులిసిపోవడం వెనుక ఉన్నది ఈ లెక్కే.

వైరస్‌కూ దీనికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. వైరస్ తనంతట తాను తినదు, పెరగదు, చీలదు. మరో జీవి కణంలోకి దూరి ఆ కణం చేతే తన నకళ్లు తీయించుకుంటుంది. బ్యాక్టీరియాకు సొంత వంటా, సొంత సరంజామా ఉన్నాయి. యాంటీబయాటిక్ దెబ్బ కొట్టేది ఆ సరంజామా మీదే: గోడ కట్టే పనినో, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమునో అది ఆపేస్తుంది. జలుబు వైరస్‌కు అవేవీ సొంతంగా లేవు కాబట్టి జలుబుకు అజిత్రోమైసిన్ వేసుకుంటే వైరస్‌కు ఏమీ కాదు, పేగుల్లోని బ్యాక్టీరియా మాత్రం చస్తుంది.

ఇక రకాల సంగతి. మొట్టమొదట మనిషి చేతిలో ఉన్న ఆధారం కన్ను ఒక్కటే. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ తానే అరగదీసి చేసుకున్న చిన్న కటకాలతో నీటి చుక్కల్ని చూస్తూ, వాటిలో కదిలే జీవుల గురించి 1676లో లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. 1683లో తన పళ్ల మీది పాచిని చూసి అందులోని ఆకారాల్ని వర్ణించాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్ల దాకా వాటిని వర్గాలుగా విడదీయడానికి ఆకారమే ఆధారం. జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఫెర్డినాండ్ కోన్ 1872లో దాన్ని ఒక పద్ధతిలో పెట్టాడు.

ఆకారపు పేర్లు ఇప్పటికీ వాడుకలోనే ఉన్నాయి. గుండ్రంగా ఉంటే కోకస్, కడ్డీలా ఉంటే బాసిల్లస్, కామాలా వంగి ఉంటే విబ్రియో, మెలికలు తిరిగి ఉంటే స్పైరిల్లం లేదా స్పైరోకీట్. గుండ్రటివి గొలుసుగా ఉంటే స్ట్రెప్టోకోకస్, ద్రాక్షగుత్తిలా ఉంటే స్టఫైలోకోకస్. గొంతు నొప్పి తెచ్చేవాటిలో మొదటిది, సెగగడ్డల్లో చీము పట్టించేవాటిలో రెండోది ఉంటాయి. వరదల తర్వాత ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే లెప్టోస్పైరోసిస్, మన ఊళ్లలో ఎలుక జ్వరం అనేది, మెలికల బ్యాక్టీరియా పని.

కానీ ఆకారం చెప్పేది చాలా తక్కువ. పెరుగులోని లాక్టోబాసిల్లస్ కడ్డీయే, టీబీ క్రిమి కడ్డీయే, ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రీడియం కడ్డీయే. ఈ మూడింటికీ ఒకదానితో ఒకదానికి దగ్గరి చుట్టరికం లేదు. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేస్తుందన్న భరోసా లేదు. పరిమాణం చూసి చెప్పడం కూడా కుదరదు. కరీబియన్ ద్వీపం గ్వాడలూప్ మడ అడవుల్లో దొరికిన థియోమార్గరీటా మాగ్నిఫికా పొడవు దాదాపు ఒక సెంటీమీటరు. 2022లో దాని వివరాలు వచ్చాయి. మామూలు కంటికి అది దారప్పోగులా కనిపిస్తుంది.

నూట నలభై ఏళ్లుగా ఆసుపత్రుల్ని నడిపిస్తున్న విభజన రంగుతో వచ్చింది. డెన్మార్క్ డాక్టర్ హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో బెర్లిన్‌లో పనిచేస్తూ, న్యుమోనియాతో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల ముక్కల్లో బ్యాక్టీరియా స్పష్టంగా కనబడేలా రంగు పట్టించే దారి వెతుకుతున్నాడు. అప్పుడు దొరికిన పద్ధతే కొద్ది మార్పులతో ఈనాటికీ ప్రతి ల్యాబ్‌లోనూ నడుస్తోంది. గాజు పలక మీద నమూనాను పలుచగా పూసి, ఆరబెట్టి, మంట మీద తిప్పి అతికిస్తారు. క్రిస్టల్ వయలెట్ వేస్తే అన్నీ ఊదారంగుకు మారతాయి. దాని మీద అయోడిన్ వేస్తే రంగు గట్టిపడుతుంది. తర్వాత ఆల్కహాల్‌తో కొన్ని సెకన్లు కడుగుతారు. అసలు తేలేది ఆ కొన్ని సెకన్లలోనే: కొన్ని బ్యాక్టీరియా రంగు వదలవు, కొన్ని పూర్తిగా వదిలేస్తాయి. వదిలేసినవాటికి చివర్న శాఫ్రనిన్ అనే ఎర్ర రంగు పట్టిస్తారు. ఊదాగా మిగిలినవి గ్రామ్ పాజిటివ్, గులాబీగా కనిపించేవి గ్రామ్ నెగెటివ్.

ఎందుకలా జరుగుతుందో గ్రామ్‌కు తెలియదు. కారణం గోడలో ఉంది. గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా చుట్టూ పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో మందపాటి గోడ ఉంటుంది. ఆల్కహాల్ తగిలితే అది బిగుసుకుని రంగును లోపలే బంధిస్తుంది. గ్రామ్ నెగెటివ్‌లలో ఆ గోడ చాలా పలుచన, దాని మీద ఇంకో కొవ్వు పొర ఉంటుంది. ఆల్కహాల్ ఆ పొరను కరిగించేసరికి రంగు బయటికి వచ్చేస్తుంది. ఈ బయటి పొరే రోగి పాలిట రెండు విధాలుగా ముప్పు. వాంకోమైసిన్ లాంటి పెద్ద అణువుల మందు దాన్ని దాటలేదు. పైగా ఆ పొరలోని పదార్థం రక్తంలోకి చేరితే జ్వరం, బీపీ పడిపోవడం, సెప్టిక్ షాక్ దాకా పోవచ్చు.

మూత్రంలో మంట అని వెళ్లినవాళ్లకు కల్చర్ (నమూనాలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) రిపోర్టు చేతికొస్తే అందులో ‘గ్రామ్ నెగెటివ్ బాసిల్లై’ అని ఉంటుంది. నెగెటివ్ అన్న మాట చూసి ఏమీ లేదనుకునేవాళ్లు ఉన్నారు, భయంకరమైన పేరేదో ఉందని టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు. దాని అర్థం ‘గులాబీ రంగు పట్టిన కడ్డీలు కనిపించాయి’ అని మాత్రమే. కానీ డాక్టరుకు అది చాలా విలువైన సమాచారం. బ్యాక్టీరియా పూర్తి పేరు తేలడానికి సాధారణంగా రెండు రోజులు పడుతుంది, రంగు పరీక్ష గంటలోపే అయిపోతుంది. ప్రాణం మీదకొచ్చిన రోగికి ఆ రెండు రోజులు ఏ మందు మీద నడపాలో ఆ రంగు చూసే నిర్ణయిస్తారు.

ఈ లెక్కకు లొంగనివి కూడా ఉన్నాయి, వాటిలో ఒకటి మన దేశానికి అతి పెద్ద బాధ. టీబీ క్రిమి చుట్టూ మైనం లాంటి కొవ్వు పొర ఉంటుంది కాబట్టి గ్రామ్ రంగు దానికి సరిగా పట్టదు. రాబర్ట్ కోక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో దాన్ని ప్రకటించాడు. ఏటా ఆ తేదీనే టీబీ దినం జరుపుతున్నారు. పల్లెల్లో తెమడ పరీక్ష అనే దాంట్లో వేడి తగిలించి ఎర్ర రంగును బలవంతంగా లోపలికి పంపుతారు. ఒకసారి లోపలికి వెళ్లిన రంగును ఆమ్లం కూడా తీయలేదు. నీలం నేపథ్యంలో సన్నటి ఎర్ర కడ్డీలు కనబడితే టీబీ ఉన్నట్టు.

ఆ మైనపు పొర వల్ల తిండి లోపలికి నెమ్మదిగా వెళ్తుంది, కణం చీలడమూ నెమ్మదే: ఈ.కోలైకి 20 నిమిషాలు పట్టే పనికి టీబీ క్రిమికి సుమారు 18 నుంచి 20 గంటలు పడుతుంది. చాలా యాంటీబయాటిక్‌లు చీలుతున్న కణాన్నే బాగా దెబ్బతీస్తాయి. కొన్ని టీబీ క్రిములు దాదాపు నిద్రలో ఉండిపోతాయి, అవి లేచేదాకా మందు కాచుకుని ఉండాలి. మన దేశంలో మామూలు టీబీకి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు ఇవ్వడానికి కారణం ఇదే. రెండో నెలలో దగ్గు తగ్గి, ఒంట్లో బలం వచ్చి, మాత్రలు మానేసే రోగికి ఈ సంగతి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి. ప్రపంచ టీబీ కేసుల్లో నాలుగో వంతు భారత్‌లోనే ఉన్నాయి కాబట్టి ఇది అందరూ తెలుసుకోవలసిన విషయం.

ఇంకో మొండిరకం మైకోప్లాస్మా. దానికి గోడే లేదు. పెన్సిలిన్ చేసే పని గోడ కట్టుబడిని ఆపడం. గోడ లేనిదాన్ని అది ఏమీ చేయలేదు. తిరుపతి, చిత్తూరు వైపు డాక్టర్లకు బాగా తెలిసిన స్క్రబ్ టైఫస్ మరో రకం చిక్కు. పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు పిల్ల కుడితే ఒరియెన్షియా అనే బ్యాక్టీరియా ఒంట్లోకి వస్తుంది. అది మన కణాల లోపల తప్ప ఎక్కడా పెరగదు. మామూలు కల్చర్‌లో ఎంత వెతికినా దొరకదు. మామూలు జ్వరానికి ఇచ్చే సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు ఎన్ని పడ్డా జ్వరం దిగదు. చంకలోనో గజ్జల్లోనో నొప్పి లేని నల్లటి పెచ్చు ఒకటి కనిపిస్తే డాక్టరుకు అనుమానం వస్తుంది. డాక్సీసైక్లిన్ మొదలుపెడితే సాధారణంగా రెండు మూడు రోజుల్లో జ్వరం తగ్గుతుంది. బట్టలు విప్పించి ఒళ్లంతా చూసే ఓపిక ఉన్న డాక్టరు ఈ జబ్బులో ప్రాణం నిలబెట్టగలడు.

గాలి అవసరాన్ని బట్టి చేసే విభజన వంటింటికీ పశువుల కొట్టానికీ సంబంధించింది. టీబీ క్రిమికి ఆక్సిజన్ కావాలి, అందుకే ఊపిరితిత్తుల పైభాగం దానికి ఇష్టం. ఈ.కోలై గాలి ఉన్నా లేకున్నా బతుకుతుంది. క్లాస్ట్రీడియం జాతికి ఆక్సిజన్ విషం. లోతుగా దిగిన మేకు గాయంలో గాలి ఆడదు కాబట్టి ధనుర్వాతం క్రిమి అక్కడ మొలకెత్తుతుంది. తుప్పుకు ఇందులో పాత్ర లేదు. మట్టిలో, పేడలో ఉన్న ఆ క్రిమి బీజాలు మేకుకు అంటుకుని వస్తాయి.

ఈ బీజాలను స్పోర్లు అంటారు. పరిస్థితి బాగోలేనప్పుడు కొన్ని రకాల బ్యాక్టీరియా నీరంతా వదులుకుని, గట్టి పొరల్లో తమ డీఎన్ఏను చుట్టుకుని నిద్రలోకి వెళ్తాయి. అప్పుడు మరిగే నీళ్లు వాటిని చంపలేవు. ఆసుపత్రుల్లో పరికరాల్ని 121 డిగ్రీల ఆవిరిలో, పీడనం కింద, కనీసం 15 నిమిషాలు ఉంచేది వీటి కోసమే. గొర్రెల కాపరులు దొమ్మ రోగం అనే ఆంత్రాక్స్ స్పోర్లు నేలలో దశాబ్దాల పాటు నిలిచి ఉంటాయి. అందుకే దొమ్మతో చచ్చిన జీవాన్ని కోయకూడదంటారు: కోస్తే రక్తంలోని బ్యాక్టీరియాకు గాలి తగిలి స్పోర్లుగా మారి ఆ నేలలో ఉండిపోతాయి. వానలకు ముందు పశువులకు వేయించే టీకాల్లో జబ్బవాపుది కూడా స్పోర్లు కట్టే క్లాస్ట్రీడియం జాతే.

ఇదే సంగతి అన్నం గిన్నెలోనూ ఉంది. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే మట్టి బ్యాక్టీరియా స్పోర్లు ఉండటం మామూలే. అన్నం ఉడికినా అవి చావవు. వేడి అన్నాన్ని పెద్ద గిన్నెలో మూతపెట్టి గంటల తరబడి అలాగే వదిలేస్తే గోరువెచ్చని లోపలి భాగంలో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు చేయించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. పెళ్లిళ్లలో, హాస్టళ్లలో మధ్యాహ్నం మిగిలిన అన్నంతో రాత్రి పులిహోర కలిపినప్పుడు ఈ ముప్పు ఉంటుంది. మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టడం సరైన పద్ధతి. చద్దన్నంలో జరిగేది వేరు: నీళ్లలోనో మజ్జిగలోనో నానిన అన్నంలో లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా పైచేయి సాధించి, పుల్లదనంతో మిగతా చాలావాటిని ఎదగనివ్వవు. ఇడ్లీపిండి పొంగడం వెనుకా ఇలాంటివే ఉన్నాయి, వాటిలో ల్యూకోనోస్టాక్ ముఖ్యమైనది.

ఏం తిని బతుకుతాయన్నది ఇంకో విభజన. మనలాగే ఇతర జీవుల పదార్థాన్ని తినేవి కొన్ని. ఇనుము, గంధకం, అమోనియా లాంటి ఖనిజ పదార్థాల నుంచి శక్తి తీసుకునేవి కొన్ని. ఎండతో బతికేవి ఇంకొన్ని. వాటిలో సయనోబ్యాక్టీరియా చేసిన పని భూమి చరిత్రనే మార్చింది. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట గాలిలో ఆక్సిజన్ పోగవడం మొదలైంది వాటి వల్లే. మొక్కల ఆకుల్లో పచ్చదనాన్ని మోసే హరితరేణువు కూడా ఒకప్పుడు వేరే కణంలో చేరి ఉండిపోయిన సయనోబ్యాక్టీరియాయే. మన కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా మూలం కూడా బ్యాక్టీరియాలోనే ఉంది.

వేరుశనగ చేలో దీన్ని చేతులతో పట్టుకుని చూడొచ్చు. నెలా నెలన్నర మొక్కను మట్టి రాలిపోకుండా మెల్లగా పెకిలించి వేరు కడిగితే, పక్కవేర్లు చీలే చోట ఆవగింజంత బుడిపెలు గుంపులుగా కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చాలి. లోపల గులాబీ, ఎరుపు రంగు ఉంటే ఆ బుడిపె పనిలో ఉన్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా మొదలు కాలేదు, ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉంటే పని అయిపోయింది. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్‌ది, మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం. గాలిలో 78 శాతం ఉన్న నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. బ్యాక్టీరియా బతకడానికి మాత్రం ఆక్సిజన్ కావాలి. లెగ్‌హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకుని కొద్దికొద్దిగా వదులుతుంది. యూరియా ఫ్యాక్టరీలో నత్రజనిని విడగొట్టి అమోనియా చేయడానికి 400 డిగ్రీలు దాటిన వేడి, విపరీతమైన పీడనం కావాలి. అదే పని వేరు బుడిపెలో మామూలు నేల వేడికే జరిగిపోతోంది.

ఇక్కడ రకం తెలియడం డబ్బుతో ముడిపడిన విషయం. శనగ వేరును పట్టే బ్యాక్టీరియా వేరు, సోయాకు వేరు. వేరుశనగకు బ్రాడీరైజోబియం జాతివి కావాలి. విత్తనానికి బెల్లం ద్రావణంతో పట్టించి నీడలో ఆరబెట్టే రైజోబియం కల్చర్ ప్యాకెట్ మీద పంట పేరు రాసి ఉండేది అందుకే. ప్యాకెట్‌లో ఉన్నవి ప్రాణంతో ఉన్న జీవులు. మండుటెండలో షాపు బయట పడేసిన ప్యాకెట్, గడువు దాటిన ప్యాకెట్ కొంటే మిగిలేది పొడి మాత్రమే. యూరియా ఎక్కువగా పడిన చేలో మొక్క ఈ బుడిపెలను పెంచుకోదు. తేరగా నత్రజని దొరుకుతుంటే బ్యాక్టీరియాకు చక్కెర పెట్టి పోషించే పని దానికి లేదు.

పైన చెప్పిన లెక్కలన్నీ పైపై లక్షణాల మీద నిలబడినవే. ఎవరికి ఎవరు చుట్టమో జన్యువులు చదివాకే తెలిసింది. 1977లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ ఉవోస్, జార్జ్ ఫాక్స్ రైబోజోముల్లోని ఆర్ఎన్ఏను పోల్చి చూసి, బ్యాక్టీరియా అనుకుంటున్న వాటిలో కొన్ని అసలు బ్యాక్టీరియానే కావని తేల్చారు. అవి ఇప్పుడు ఆర్కియా అనే వేరే శాఖ. గోబర్ గ్యాస్ ప్లాంటులో మీథేన్ తయారుచేసేవి ఆ శాఖకు చెందినవే. చాలా పుస్తకాల్లో ఇంకా బ్యాక్టీరియా అనే రాస్తున్నారు.

ఇప్పటికి పద్ధతి ప్రకారం పేరు పెట్టిన బ్యాక్టీరియా జాతులు 20 వేలకు పైగా ఉన్నాయి. ఉన్నవాటితో పోలిస్తే ఇది చాలా చిన్న సంఖ్య, ఎందుకంటే వాటిలో అత్యధికం ల్యాబ్ ప్లేటు మీద పెరగవు. కొత్తవి ఎక్కడెక్కడో దొరుకుతున్నాయి. 2005లో హైదరాబాద్‌లోని బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో పంపిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు సేకరించింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పుణెలోని ఎన్‌సీసీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు వాటిని పరీక్షించగా మూడు కొత్త జాతులు తేలినట్టు 2009లో ఇస్రో ప్రకటించింది. ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట్ట పేరు పెట్టారు.

ఇన్ని లెక్కల తర్వాత ‘మంచి, చెడు’ దగ్గరికి వస్తే అది ఎందుకు నిలబడదో తేలిగ్గా అర్థమవుతుంది. మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా కణాలు ఉన్నాయని 2016లో వేసిన అంచనా. మన సొంత కణాల సంఖ్య కూడా దాదాపు అంతే. పేగుల్లో హాయిగా ఉండే ఈ.కోలై మూత్రనాళంలోకి చేరితే ఇన్ఫెక్షన్. అదే జాతిలో ఓ157 అనే రకం తిండితో వస్తే రక్తవిరేచనాలు, కిడ్నీల దెబ్బ. మామూలు ల్యాబ్ రకంలో లేని జన్యువులు దానిలో వెయ్యికి పైగా ఉన్నాయి. జాతి పేరు ఒకటే, సరంజామా వేరు.

కలరా కథలో ఇది ఇంకా స్పష్టం. 1884లో కోక్ కలకత్తాలో కామా ఆకారపు క్రిమిని పట్టుకున్నాడు. అది పేగులో ఏం చేసి మనిషిని ఎండగడుతుందో 1959లో అదే నగరంలో శంభునాథ్ డే చూపించాడు: క్రిమి వదిలే ఒక విషమే కారణమని. 1996లో ఇంకో ఆశ్చర్యం బయటపడింది. ఆ విషం జన్యువు కలరా క్రిమికి పుట్టుకతో వచ్చింది కాదు, దాన్ని పట్టిన ఒక వైరస్ తెచ్చి ఇచ్చింది. నదీముఖాల్లో, ఉప్పునీటి కయ్యల్లో బతికే విబ్రియో కలరేలో చాలావాటికి ఆ జన్యువు లేదు, అవి కలరా తేవు.

భీమవరం, కైకలూరు వైపు రొయ్యల రైతులకు ఈ విషయం రోజూ ఎదురయ్యేదే. ఆక్వా ల్యాబ్‌లో చెరువు నీటిని టీసీబీఎస్ అనే ఆకుపచ్చ ప్లేటు మీద పూస్తారు. మర్నాటికి పసుపు చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు లేస్తాయి. పంచదారను పులియబెట్టగల విబ్రియోలు పసుపు, చేతకానివి ఆకుపచ్చ. ‘గ్రీన్ కాలనీలు పెరిగాయి’ అనగానే రైతు గుండె ఝల్లుమంటుంది, ఎందుకంటే విబ్రియో పారాహీమోలిటికస్ ఆకుపచ్చగానే పెరుగుతుంది. కానీ రొయ్య పిల్లల్ని మూకుమ్మడిగా చంపే ఈఎంఎస్ జబ్బుకు కారణమయ్యే విషం జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం మీద ఉంటాయి. ప్లాస్మిడ్ ఉన్నదీ లేనిదీ ఒకే రంగులో కనబడతాయి. ఆ సంగతి తేల్చాలంటే జన్యువునే వెతికే పీసీఆర్ పరీక్ష చేయాలి. ఆకుపచ్చ లెక్క చూసి చెరువులో యాంటీబయాటిక్ పోయడం ఆరోగ్యానికీ ఎగుమతులకూ నష్టం. జబ్బు తెలిసిన తర్వాతే మందు ఆలోచించాలి.

మరోవైపు 2012 అక్టోబరులో హైదరాబాద్‌లో జీవవైవిధ్య సదస్సు జరిగినప్పుడు కేంద్ర ప్రభుత్వం ఒక బ్యాక్టీరియాను జాతీయ సూక్ష్మజీవిగా ప్రకటించింది: పెరుగు చేసే లాక్టోబాసిల్లస్ బల్గారికస్. జాతీయ పక్షి, జాతీయ జంతువు తెలిసినంతగా ఇది ఎవరికీ తెలియకపోవడం విచారకరం.

చివరిగా, రోజురోజుకీ మారిపోయే విభజన ఒకటుంది: ఏ మందుకు లొంగుతుంది, ఏ మందుకు లొంగదు. మందుల్లో చాలావాటిని మనకు ఇచ్చింది కూడా బ్యాక్టీరియానే. తొలకరి వానకు లేచే మట్టి వాసన స్ట్రెప్టోమైసిస్ జాతి తయారుచేసే జియోస్మిన్‌ది. టీబీకి మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ ఆ జాతి నుంచే 1943లో దొరికింది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ల్యాబ్‌లో పరిశోధనలకు డైరెక్టరుగా ఉన్నప్పుడు, ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ మిస్సోరి మట్టి నుంచి తీసిన మరో స్ట్రెప్టోమైసిస్‌తో 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. స్క్రబ్ టైఫస్ రోగిని ఇవాళ లేపి కూర్చోబెడుతున్న డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో చనిపోయాడు.

మట్టిలో బ్యాక్టీరియా ఒకదాని మీద ఒకటి యాంటీబయాటిక్‌లు ప్రయోగించుకోవడం కోట్ల ఏళ్లుగా ఉన్నదే, తట్టుకునే జన్యువులూ అప్పటివే. ఆ జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్‌ల మీద ఉండి, ఒక జాతి నుంచి పూర్తిగా వేరే జాతికి కూడా చేరతాయి. మనం చేసింది వాటికి అవసరాన్ని పెంచడం. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. అలాంటి నీటిలో తట్టుకునే జన్యువు ఉన్నవే బతుకుతాయి, వాటి పిల్లలే మిగులుతాయి. మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమైన మరణాలు 2019లో ప్రపంచమంతటా 12 లక్షల 70 వేలని అంచనా.

అందువల్ల ఫలానా మందు ఫలానా జబ్బుకు పనిచేస్తుందని పుస్తకం చూసి చెప్పే రోజులు పోయాయి. పెద్ద ఆసుపత్రులు తమ దగ్గర దొరికిన బ్యాక్టీరియా ఏ మందులకు ఎంత శాతం లొంగుతోందో ఏటేటా పట్టిక వేసుకుంటాయి, దాన్ని యాంటీబయోగ్రామ్ అంటారు. ఒక ఆసుపత్రి పట్టిక పక్క ఊరి ఆసుపత్రికి సరిపోకపోవచ్చు, పోయినేటి పట్టిక ఈ ఏటికి సరిపోకపోవచ్చు. జిల్లా ఆసుపత్రుల్లో కల్చర్ పరీక్ష అందుబాటులోకి వచ్చి, అక్కడి పట్టికలు చుట్టుపక్కల క్లినిక్‌లలో ప్రాక్టీసు చేసే డాక్టర్లకు కూడా చేరితే, గుడ్డిగా రాసే మందులు చాలావరకు తగ్గుతాయి.